మెడికల్ బోర్డుకు వెళ్లేముందు: తలకు దెబ్బ తగిలినవాళ్ల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ గురించి. తలకు దెబ్బ తగిలింది, ఆపరేషనో మందులో అయిపోయాయి, మనిషి ఇంటికొచ్చాడు. ఇప్పుడు మెదడు ఎంత దెబ్బతింది, ఎంత కోలుకుంది అని తేల్చడానికి, వైద్యం చేసిన డాక్టరు కాకుండా వేరే డాక్టరో బోర్డో పరీక్ష చేస్తామంటున్నారు. అలాంటి పరీక్షకు వెళ్లేవాళ్లు ముందుగా ఒక్క సంగతి మనసులో పెట్టుకోవాలి. అక్కడున్న డాక్టరు మీకు వైద్యం చేయడానికి కూర్చోలేదు, కోర్టుకో ఇన్సూరెన్స్ కంపెనీకో ఈఎస్ఐకో ఒక ప్రశ్నకు జవాబు రాసివ్వడానికి కూర్చున్నాడు. అంతమాత్రాన ఆయన మీకు శత్రువేమీ కాదు. కానీ ఆయన మిమ్మల్ని చూసేది ఆ ఒక్క పూటే, ఇంట్లో ఏం జరుగుతోందో మీరు చెప్పకపోతే ఆయనకు తెలిసే దారి లేదు. అందుకే ఈసారి పేజీలన్నీ దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా ఆయన గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. వయసు 41. పోయిన ఏడాది బండి మీద ఇంటికొస్తుంటే లారీ గుద్దింది. చాలా రోజులు ఐసీయూలో ఉన్నాడు. ఇప్పుడు నడుస్తాడు, మాట్లాడతాడు, చూసినవాళ్లంతా "బాగయిపోయాడు కదా" అంటున్నారు. కొట్లో మళ్లీ చేరాడు కానీ నిలవలేకపోయాడు. లెక్క మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఎక్కడ ఆపాడో తెలియదు, చిన్నదానికే పిల్లల మీద విరుచుకుపడతాడు. క్లెయిమ్ కేసు వేశాం. ప్రైవేటు డాక్టరు ఇచ్చిన 45 శాతం సర్టిఫికెట్ మీద ఇన్సూరెన్స్ లాయరు అభ్యంతరం చెప్పాడు, కోర్టు మెడికల్ బోర్డుకు వెళ్లమంది. ఆరోజు ఈయన అన్నిటికీ చక్కగా జవాబు చెప్పేస్తే ఏమీ లేదని రాసేస్తారేమోనని నాకు టెన్షన్. పక్కింటివాళ్లు "అన్నిటికీ తెలియదు తెలియదు అని చెప్పమను" అంటున్నారు. ఏం చేయమంటారు? (ఒక సోదరి, పల్నాడు జిల్లా)

జవాబు: అమ్మా, ముందు ఆ పక్కింటివాళ్ల మాట పక్కన పెట్టేయండి. దాని సంగతి కింద ఇంకో జవాబులో చెబుతాను. మీ భయం మాత్రం నూటికి నూరు పాళ్లు సరైనదే.

మీరు చెప్పిన లక్షణాలు, అంటే పని మధ్యలో దారి తప్పడం, కోపం ఆపుకోలేకపోవడం, ఇవి ఎక్కువగా మెదడు ముందు భాగానికి దెబ్బ తగిలినవాళ్లలో కనిపిస్తాయి. ఇలాంటివాళ్లకు మాట పోదు, పాత జ్ఞాపకాలు పోవు, తెలివితేటల పరీక్షలో మార్కులు కూడా బాగానే రావచ్చు. ఎందుకంటే పరీక్ష గది నిశ్శబ్దంగా ఉంటుంది, ఎదురుగా ఒక్కరే ఉంటారు, ప్రశ్న ఒకటి అయ్యాకే ఇంకోటి అడుగుతారు. ఏది ముందు చేయాలో, ఏది తర్వాతో ఆ డాక్టరే చూసుకుంటున్నాడు కదా. మీ ఆయనకు దెబ్బతిన్నది సరిగ్గా ఆ పనే. 1991లో ఇంగ్లండ్‌లో షాలిస్, బర్జెస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇలాంటి ముగ్గురు రోగుల గురించి రాశారు. గదిలో పెట్టే పరీక్షలు బాగానే చేసినవాళ్లను బజారుకు పంపి, ఇవి కొనండి, ఫలానా సమాచారం కనుక్కోండి, ఫలానా టైముకు ఫలానా చోట ఉండండి అని చెబితే తికమకపడిపోయారు. మీ ఆయనకు ఆ బజారు మిర్చి యార్డు. ఒకపక్క కాటా, ఒకపక్క రైతు, ఇంకోపక్క ఫోన్‌లో వ్యాపారి, ఈ మధ్యలో టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క తప్పకుండా రాయాలి.

కాబట్టి మీ పని ఏమిటంటే, ఆ యార్డునూ మీ ఇంటినీ కాగితం మీద బోర్డు ముందుకు తీసుకెళ్లడం. ఒక మామూలు నోటుబుక్కు తీసుకుని ఈరోజు నుంచే తేదీ వేసి రాయండి. "మతిమరుపు ఎక్కువైంది" అని రాస్తే దానికి బలం ఉండదు. "పొద్దున కొట్టుకు వెళ్లాడు, 38 టిక్కీలకు కాటా చీటీ రాస్తూ మధ్యలో టీ తాగొచ్చి మళ్లీ మొదటి నుంచి రాశాడు, రైతు గొడవపడ్డాడు, షావుకారు ఇంటికి పంపేశాడు" అని రాస్తే డాక్టరుకు కళ్లకు కట్టినట్టు ఉంటుంది. స్టవ్ ఆపడం మర్చిపోతే అది రాయండి, ఎవరు చూసి ఆపారో కూడా రాయండి. బాగున్న రోజులుంటే అవీ రాయాలి, దాచకండి. అన్నీ చెడ్డ రోజులే ఉన్న పుస్తకాన్ని ఎవరూ నమ్మరు.

ఇక ఫైలు. డిశ్చార్జి సమ్మరీ, సీటీ, ఎంఆర్ఐ ఫిల్ములు లేదా సీడీ, తర్వాత వెళ్లిన ప్రతి ఓపీ చీటీ, ఫిట్స్ వచ్చి ఉంటే ఆ వివరం, అన్నీ తేదీల వరుసలో పెట్టండి. సమ్మరీలో జీసీఎస్ అని ఒక అంకె ఉంటుంది. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే డాక్టర్లు తయారుచేసిన కొలత అది. కళ్లు తెరవడం, మాట, కాళ్లు చేతులు కదపడం చూసి 3 నుంచి 15 దాకా వేస్తారు. 13 నుంచి 15 అయితే తేలికపాటి దెబ్బ, 9 నుంచి 12 మధ్యరకం, 8 లేదా అంతకంటే తక్కువ అయితే తీవ్రం. ఇది ఆసుపత్రికి తెచ్చిన రోజు పరిస్థితి మాత్రమే చెబుతుంది. నన్నడిగితే దానికంటే పనికొచ్చే ప్రశ్న ఇంకోటుంది: ప్రమాదం తర్వాత ఏ రోజు నుంచి ఆయనకు జరిగినవి జరిగినట్టు గుర్తుండటం మొదలైంది? నిన్న ఎవరొచ్చారో ఈరోజు చెప్పగలిగింది ఎప్పుడు? ఆ గ్యాప్ వారం దాటిందంటే దెబ్బ బలమైనదని లెక్క. ఈ సంగతి చాలా సమ్మరీల్లో ఉండదు, ఆసుపత్రిలో పక్కన కూర్చున్న మీకే తెలుసు. గుర్తు తెచ్చుకుని రాసిపెట్టండి.

ఇంకో చిన్న విషయం. నుదుటి వెనక భాగం దెబ్బతిన్నవాళ్లలో చాలామందికి వాసన పోతుంది, ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ చెప్పరు. మిర్చి ఘాటుకు దగ్గుతున్నాడు కదా, వాసన తెలుస్తోందిలే అనుకోకండి. ఘాటును మోసే నరం వేరు, వాసనను మోసే నరం వేరు. కళ్లు మూయించి కాఫీ పొడి ముక్కు దగ్గర పెట్టి ఏమిటో చెప్పమనండి. చెప్పలేకపోతే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అది ఆయన నటించి తెచ్చుకున్నది కాదు, పైగా ఇంట్లో గ్యాస్ లీకైనా ఆయనకు తెలియదు కాబట్టి మీరూ జాగ్రత్తగా ఉండాలి.

ఇప్పుడు అసలు పరీక్ష. బోర్డులో పది నిమిషాల పరీక్ష ఒకటి పెట్టి ముగించే ప్రమాదం ఉంది, ఈరోజు ఏ వారం, వందలోంచి ఏడు తీసేస్తూ పో అనే 30 మార్కుల పరీక్ష. 1975లో ఆసుపత్రి మంచం పక్కన గబగబా చూడటానికి తయారైనది అది, మీ ఆయన లాంటి వాళ్ల లోపం దాని కంట పడదు. ఆయనకు కావలసింది క్లినికల్ సైకాలజిస్టు కూర్చోబెట్టి రెండు మూడు గంటలు, అవసరమైతే రెండు పూటలు చేసే న్యూరోసైకలాజికల్ పరీక్ష. బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు 2004లో మన దేశపు జనాన్ని పరీక్షించి, వయసుకూ చదువుకూ తగ్గ కొలతలతో ఒక పరీక్షల వరుస తయారుచేశారు. పదో తరగతి చదివిన మనిషిని పదో తరగతివాళ్లతోనే పోల్చాలి కదా, డిగ్రీ చదివినవాళ్లతో కాదు. బోర్డులో న్యూరోసర్జన్ లేదా న్యూరాలజిస్టు, సైకియాట్రిస్టు ఉండేలా, ఈ పరీక్ష చేయించి ఆ రిపోర్టు జతచేసేలా ఆదేశం ఇవ్వమని మీ లాయరుతో ట్రైబ్యునల్‌ను, అంటే మీ క్లెయిమ్ కేసు వింటున్న కోర్టును, అడిగించండి. మోటారు వాహనాల చట్టం 169వ సెక్షన్ కింద నిపుణుల సాయం తీసుకునే అధికారం ట్రైబ్యునల్‌కు ఉంది.

పరీక్షకు ముందు రోజు రాత్రి ఆయన్ను బాగా నిద్రపోనివ్వండి, రోజూ వేసుకునే మందులు ఆపకండి. మీరు తప్పకుండా వెంట వెళ్లండి, "అయ్యా, నేను విడిగా రెండు నిమిషాలు మాట్లాడాలి" అని మర్యాదగా అడగండి. ఆయన ముందు చెబితే "నాకేం కాలేదు, ఇదే ఊరికే గొడవ చేస్తుంది" అంటాడు. అది అబద్ధం కాదు తల్లీ, తన లోపం తనకు తెలియకపోవడం కూడా ఆ దెబ్బలో భాగమే. పిల్లల మీద అరుపులూ అంతే. ఈ మాట పిల్లలకు కూడా చెప్పండి, వాళ్లకు చాలా అవసరం.

చివరగా శాతం గురించి. బోర్డు 30 అన్నా 45 అన్నా కేసు అక్కడితో అయిపోదు. 2010 అక్టోబరులో సుప్రీంకోర్టు రాజ్‌కుమార్ కేసులో చెప్పింది మీ లాయరుకు తెలిసే ఉంటుంది: శరీరానికి జరిగిన నష్టం శాతం వేరు, సంపాదనకు జరిగిన నష్టం శాతం వేరు. ఎడమ చేయి పోతే వైకల్యం 60 శాతం అనుకుందాం, డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు మొత్తం పోయినట్టే, ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాకు ఉద్యోగం పోకపోవచ్చు. మీ ఆయన విషయంలో ఇది తిరగబడింది. చేతులు కాళ్లు బాగున్నాయి, గుమాస్తా పనికి కావలసిన తలే దెబ్బతింది. కాబట్టి షావుకారు చేత జీతం ఎంత ఇచ్చేవాడో, ఎందుకు కొనసాగించలేకపోయాడో రాయించండి, వీలైతే సాక్ష్యం చెప్పించండి. డాక్టరు కూడా కోర్టుకు వచ్చి చెప్పాలి, ఊరికే సర్టిఫికెట్ పడేస్తే చాలదని ఆ తీర్పులోనే ఉంది. మీరు పనికి వెళ్లడం మానేసి ఆయన్ను చూసుకుంటూ ఉంటే దాన్నీ క్లెయిమ్‌లో అడగండి. 2020లో తలకు దెబ్బ తగిలిన 12 ఏళ్ల పాప కేసులో సుప్రీంకోర్టు, జీవితాంతం మనిషి తోడు ఉండటానికయ్యే ఖర్చు కూడా లెక్కగట్టి, హైకోర్టు ఇచ్చిన సుమారు 26 లక్షలను 62 లక్షలు దాటేలా పెంచింది. లాయరు ఫీజు భారమైతే జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 1987 చట్టం ప్రకారం మహిళలకూ వికలాంగులకూ ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి.

ఇంకా కేసు వేయనివాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మార్పు ప్రకారం, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిమ్ వేయాలి. "పూర్తిగా కోలుకున్నాక చూద్దాం" అని ఆగకండి. కేసు ముందు వేసేయండి, వైకల్యం అంచనా తర్వాత చేయించుకోవచ్చు.

ప్రశ్న: నేను జూనియర్ లాయర్ని. ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున కేసులు చూసే ఆఫీసులో పనిచేస్తున్నాను. కాలు విరిగితే ఎక్స్‌రే ఉంది, జ్ఞాపకశక్తి పోయిందంటే ఎక్స్‌రే లేదు కదా. నటించేవాళ్లను డాక్టర్లు ఎలా పట్టుకుంటారు? (వరంగల్)

జవాబు: మంచి ప్రశ్న, పై జవాబులో బాకీ పెట్టిన మాట కూడా ఇదే.

చూడ్డానికి చాలా కష్టంగా కనిపించి, నిజంగా మెదడు దెబ్బతిన్నవాళ్లు కూడా తేలిగ్గా చేయగలిగే పరీక్షలు కొన్ని ఉన్నాయి. మిగతా పరీక్షల మధ్యలో వాటిని కలిపి పెడతారు, ఏవి ఏవో ఎవరికీ చెప్పరు, నేనూ ఇక్కడ రాయను. "అన్నీ తెలియదు అని చెప్పు" అనే సలహా విని వెళ్లినవాళ్లు సరిగ్గా అక్కడే దొరికిపోతారు. అప్పుడు జరిగే నష్టం ఏమిటంటే, వాళ్లకు నిజంగా ఉన్న లోపం కూడా రిపోర్టులో నమ్మశక్యం కానిదిగా మారిపోతుంది. 30 శాతం నిజమైన నష్టం ఉన్న మనిషి 60 చూపించబోయి సున్నాతో ఇంటికెళ్తాడు. ఇదికాక జవాబుల్లో పొంతన చూస్తారు. తేలికైనవి తప్పి కష్టమైనవి ఒప్పు అయితే అనుమానం వస్తుంది. గదిలో పేరు కూడా చెప్పలేని మనిషి బయటికొచ్చి బస్సు నంబరు చూసుకుని ఎక్కితే అదీ రాస్తారు.

కానీ తమ్ముడూ, నువ్వు కంపెనీ తరఫున ఉన్నావు కాబట్టి నీకు రెండో వైపు గట్టిగా చెప్పాలి. ఆ పరీక్షలో మార్కులు తగ్గితే దానర్థం ఆరోజు ఆ మనిషి పూర్తి శక్తితో చేయలేదని మాత్రమే. ఎందుకు చేయలేదన్నది వేరే ప్రశ్న. తలనొప్పి, రాత్రంతా నిద్ర లేకపోవడం, డిప్రెషన్, ఫిట్స్ మందుల మత్తు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. బడికి వెళ్లని రైతు కూలీ చేతికి పెన్సిలిచ్చి ఘనం బొమ్మ గీయమని, గీయలేకపోతే మెదడు దెబ్బతిందనో నటిస్తున్నాడనో రాయడం రెండూ అన్యాయమే. ఒక్క పరీక్ష పట్టుకుని మనిషిని దొంగ అనేయకూడదు. అనుభవమున్న సైకాలజిస్టులెవరూ అలా చేయరు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో నువ్వు అడగాల్సినది "నటించాడా" అని కాదు, "ఏ పరీక్షలు చేశారు, ఏ భాషలో చేశారు, ఎవరితో పోల్చారు" అని. ఆ మూడింటికీ జవాబు లేని సర్టిఫికెట్ ఏ పక్షం తెచ్చినా దానికి విలువ లేదు.

ప్రశ్న: మాది కరీంనగర్, ఇప్పుడు న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటున్నాం. అమ్మ మా దగ్గరకు వచ్చినప్పుడు రోడ్డు దాటుతుంటే కారు తగిలి తలకు దెబ్బ తగిలింది. అప్పటి నుంచి మాటలు వెతుక్కుంటోంది, వంటలో వరుస తప్పుతోంది. కేసు కోర్టులో ఉంది. అవతలి ఇన్సూరెన్స్ లాయర్లు "ఇండిపెండెంట్ మెడికల్ ఎగ్జామినేషన్" అని తమ న్యూరోసైకాలజిస్టు దగ్గరకు పంపమంటున్నారు. అమ్మకు ఇంగ్లీషు రాదు. నేను గదిలో కూర్చుని ట్రాన్స్‌లేట్ చేయొచ్చా? (ఒక చెల్లెలు, ఎడిసన్)

జవాబు: చెల్లెమ్మా, పేరులో ఇండిపెండెంట్ అని ఉన్నా ఆ డాక్టర్ని ఎంచుకున్నదీ ఫీజు ఇస్తున్నదీ అవతలి పక్షం. న్యూజెర్సీ కోర్టులే దాన్ని డిఫెన్స్ మెడికల్ ఎగ్జామ్ అంటాయి. ఆయన మీ అమ్మగారికి వైద్యం చేయడు, ఆమె చెప్పింది రహస్యంగానూ ఉంచడు, అంతా రిపోర్టులోకి వెళ్తుంది. కారు దిగి నడిచొచ్చిన తీరు, వెయిటింగ్ రూములో మాట్లాడింది కూడా గమనించవచ్చు. అలాగని వెళ్లకుండా ఉండటానికి వీల్లేదు, కేసుకే దెబ్బ.

మీకు బాగా పనికొచ్చే తీర్పు ఒకటుంది. 2023 జూన్‌లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు సరిగ్గా ఈ ప్రశ్న మీదే చెప్పింది. గ్రహణశక్తి దెబ్బతిన్నవాళ్లు, మానసిక సమస్యలున్నవాళ్లు, భాష రానివాళ్లు ఇలాంటి పరీక్షకు వెళ్లేటప్పుడు, తటస్థంగా గమనించే మనిషిని పెట్టుకుంటామనో, అడ్డు రాకుండా రికార్డు చేస్తామనో వాళ్ల లాయరు ముందే తెలియజేయాలి. అవతలివాళ్లు ఒప్పుకోకపోతే ముందు ఇద్దరూ మాట్లాడుకోవాలి, అప్పటికీ కుదరకపోతే ఎందుకు వద్దో కోర్టుకు వెళ్లి చూపించాల్సిన బాధ్యత వాళ్లదే. ఇది ఆటోమేటిక్‌గా వచ్చేసే హక్కు కాదు, కేసును బట్టి జడ్జి తేలుస్తారు. అందుకని పరీక్ష తేదీ దాకా ఆగకుండా ఈ వారమే మీ లాయరుతో మాట్లాడండి. సైకాలజిస్టులు చెప్పే అభ్యంతరంలో కూడా కొంత న్యాయం ఉంది. పక్కన ఎవరైనా కూర్చుంటే పరీక్ష రాసే మనిషి తీరు మారుతుంది, పరీక్షలోని ప్రశ్నలు బయటికి పొక్కితే రేపు ఇంకెవరికీ పనికిరావు. నా ఉద్దేశంలో ఆడియో రికార్డింగే రెండు పక్షాలకూ మంచిది.

ఇక ట్రాన్స్‌లేషన్ మీరు చేయకండి. కూతురు కదా, అమ్మ తడబడితే తెలియకుండానే మాట అందిస్తారు, ఆమె అడ్డదిడ్డంగా చెప్పిన వాక్యాన్ని ఇంగ్లీషులోకి చక్కదిద్ది చెబుతారు. అంటే ఆమెలో ఉన్న లోపాన్ని మీ నోటితో మీరే కప్పేస్తారు. కోర్టు పనులు తెలిసిన తెలుగు ఇంటర్‌ప్రిటర్‌ను అడగండి, కరీంనగర్ మాట తీరు అర్థమయ్యే మనిషైతే మరీ మంచిది. అయినా ఒక చిక్కు మిగిలే ఉంటుంది. ఇంగ్లీషులో తయారైన పదాల జాబితాను అప్పటికప్పుడు తెలుగులోకి మార్చి చదివితే అది అదే పరీక్షగా ఉండదు, ఆ మార్కులను అమెరికాలో పుట్టి పెరిగినవాళ్లతో పోల్చడం అసలు కుదరదు. తెలుగులో ముందే తయారుచేసి వాడిన పరీక్షలు ఉన్నాయి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం, జ్ఞాపకశక్తి, మాట లాంటివి చూసే అడెన్‌బ్రూక్స్ పరీక్షను మన భాషలకు తగ్గట్టు మార్చి ఏళ్ల తరబడి వాడింది. అలాంటిది చేయగల తెలుగు సైకాలజిస్టు చేత మీ తరఫున కూడా ఒక పరీక్ష చేయించే వీలుందేమో లాయర్ని అడగండి. ఈ పని అమ్మగారు ఇండియా తిరిగి వెళ్లేలోపు తేలాలి.

అవతలివాళ్లు తప్పకుండా అనే మాట, "ఆమెకు వయసు మీద పడింది, ఇది ముందు నుంచే ఉంది" అని. దానికి సిద్ధంగా ఉండండి. కరీంనగర్‌లో చూసిన డాక్టరు దగ్గర్నుంచి పాత బీపీ, షుగర్ రికార్డులు తెప్పించండి. ప్రమాదానికి ముందు ఆమె ఒంటరిగా బ్యాంకుకు వెళ్లేవారా, చిట్టీల లెక్క ఎవరు చూసేవారు, ముప్పై మందికి వంట చేయగలిగేవారా, ఇవన్నీ తెలిసిన బంధువుల చేత రాయించి పెట్టుకోండి. ముందు నుంచే కొంచెం మతిమరుపు ఉంటే అదీ మీ లాయరుకు చెప్పేయండి, దాచి తర్వాత బయటపడితే మొత్తం కేసు మీద నమ్మకం పోతుంది.

ప్రశ్న: పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాను. నిచ్చెన మీద నుంచి పడి తల నేలకు కొట్టుకుంది. సీటీ నార్మల్. నెల దాటింది, తల తిరుగుతోంది, ముఖ్యంగా పడుకున్నప్పుడు పక్కకు తిరిగితే గది మొత్తం గిర్రున తిరుగుతుంది. సూపర్‌వైజర్ "స్కాన్ నార్మలే కదా, నాటకాలు వద్దు" అంటున్నాడు. ఈఎస్ఐ ఉంది. (పేరు వద్దు)

జవాబు: సీటీ నార్మల్ అంటే రక్తం గడ్డకట్టలేదు, ఎముక విరగలేదు అని. మెదడుకు అదురు తగలలేదని కాదు. ఇలాంటి తేలిక దెబ్బల్లో ఎక్కువమంది కొన్ని వారాల్లో తేరుకుంటారు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. అయితే నువ్వు చెప్పిన ఆ పడక మీద గిర్రున తిరగడం వింటే నాకు ముందు చెవి మీద అనుమానం. తలకు దెబ్బ తగిలితే లోపలి చెవిలో ఉండే సన్నని రేణువులు చోటు తప్పుతాయి, దానివల్ల సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఈఎన్‌టీ డాక్టరు బల్ల మీద పడుకోబెట్టి తలను ఒక వరుసలో తిప్పి కొద్ది నిమిషాల్లో సరిచేయగలరు. చాలామందికి ఒకటి రెండుసార్లకే తగ్గిపోతుంది. ముందు అక్కడికి వెళ్లు. అది తగ్గేదాకా నిచ్చెన ఎక్కే పని, మెషిన్ పక్కన పని వద్దని డాక్టరు చేత చీటీ రాయించుకో.

ఫ్యాక్టరీవాళ్లు ప్రమాదం రిపోర్టు ఈఎస్ఐకి పంపారో లేదో కనుక్కో, పంపకపోతే నువ్వే బ్రాంచి ఆఫీసులో రాసివ్వు. పని చేయలేని రోజులకు సగటు వేతనంలో 90 శాతం తాత్కాలిక వైకల్య భృతి వస్తుంది. ఇబ్బంది మిగిలిపోతే మెడికల్ బోర్డుకు పంపిస్తారు. చట్టం పట్టికలో వేలు పోతే ఇంత, కన్ను పోతే ఇంత అని శాతాలున్నాయి కానీ తల తిరగడం, జ్ఞాపకశక్తి లాంటివి అలా పట్టికలో దొరకవు, బోర్డే అంచనా వేయాలి. అందుకే ప్రతి ఓపీ చీటీ నీకు ముఖ్యం. బోర్డు చెప్పింది నచ్చకపోతే మెడికల్ అప్పీల్ ట్రైబ్యునల్ ఉంది, దానికి గడువు ఉంటుంది కాబట్టి బోర్డు ఉత్తరం అందిన తేదీ ఆ ఉత్తరం మీదే రాసిపెట్టుకో.

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. బైకు ప్రమాదంలో తలకు ఆపరేషన్ అయి ఏడు నెలలు. ఒక సెంటర్‌వాళ్లు "బ్రెయిన్ మ్యాపింగ్" చేస్తే ఎంత శాతం కోలుకున్నాడో రంగుల బొమ్మతో చూపిస్తామంటున్నారు, ప్యాకేజీ ఖరీదు ఎక్కువే. చేయించమంటారా? ఇంకోటి, వాడు మళ్లీ బండి ఇవ్వమంటున్నాడు. (ఒక తండ్రి, రాజమండ్రి)

జవాబు: వద్దండీ. తలకు పెట్టిన వైర్ల నుంచి వచ్చే తరంగాలను కంప్యూటరులో వేసి రంగులు పూస్తే బొమ్మ అందంగానే ఉంటుంది. కానీ ఇంత శాతం కోలుకున్నాడని చెప్పే శక్తి దానికి లేదు. మామూలు ఈఈజీ ఫిట్స్ అనుమానం ఉన్నప్పుడు ఎంతో ఉపయోగం, అది వేరే సంగతి. ఆ డబ్బు రోజువారీ పనులు మళ్లీ అలవాటు చేయించే ఆక్యుపేషనల్ థెరపీకి పెట్టండి, మాట తడబడుతుంటే స్పీచ్ థెరపీకి పెట్టండి. కోలుకోవడం మొదటి ఆరు నెలల్లో వేగంగా ఉంటుంది, ఏడాది దాకా బాగానే సాగుతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది కానీ ఆగిపోదు. ఏడు నెలలకే "ఇక ఇంతే" అని ఎవరన్నా అంటే నమ్మకండి. మూడు నెలల క్రితం చేయలేనిది ఇప్పుడు ఏం చేస్తున్నాడో చూసుకోండి: ఒక్కడే కిరాణా కొట్టుకెళ్లి నాలుగు వస్తువులు చీటీ లేకుండా తేగలుగుతున్నాడా, చిల్లర సరిచూసుకుంటున్నాడా, సినిమా చూసి కథ చెప్పగలుగుతున్నాడా. చదువు మళ్లీ మొదలుపెట్టే ముందు మాత్రం ఒకసారి క్లినికల్ సైకాలజిస్టుతో పూర్తి పరీక్ష చేయించండి, పరీక్షల్లో అదనపు టైము అడగడానికి ఆ రిపోర్టు కావాలి.

బండి సంగతి. ఆపరేషన్ తర్వాత ఫిట్స్ వచ్చాయా? వచ్చి ఉంటే న్యూరాలజిస్టు రాతపూర్వకంగా సరే అనేదాకా తాళాలు మీ దగ్గరే ఉంచుకోండి. లైసెన్సు కోసం మనం సంతకం పెట్టి ఇచ్చే ఫారం 1లో మూర్ఛ గానీ, ఉన్నట్టుండి స్పృహ తప్పడం, తల తిరగడం గానీ ఉన్నాయా అని సూటిగా అడుగుతారు. ఫిట్స్ రాకపోయినా, చూపు పక్కల నుంచి సరిగ్గా ఆనుతోందో లేదో కంటి డాక్టరు చేత ఫీల్డ్ పరీక్ష చేయించండి. తలకు దెబ్బ తగిలినవాళ్లలో కొందరికి ఒక పక్క చూపు పోయి, పోయిందని వాళ్లకే తెలియదు. ఆ రెండు కాగితాలూ చేతికొచ్చాక వాడితో కూర్చుని మాట్లాడండి, ఈలోగా కాలేజీకి బస్సులో పంపండి, మొదటి వారం మీరు వెనక సీట్లో కూర్చుని వెళ్లి వాడు స్టాపు సరిగ్గా చూసుకుని దిగుతున్నాడో లేదో గమనించండి.